తెలిసే ఇచ్చాను

ఆ మధ్యాహ్నం మా ఊరి కులసంఘం భవనం ముందు ఉన్నవాళ్లు: కులపెద్దలు నలుగురు, చనిపోయినవాడి అన్న, వాళ్ల మేనమామ, వాళ్లింటి మగవాళ్లు మరో ఐదుగురు, మా బాపు, నేను. ఆడవాళ్లను రానివ్వలేదు. మా అమ్మను, అవ్వ అంటాం, ఇంట్లో ఉంచి బయట గొళ్లెం పెట్టారు. ఉన్న వస్తువులు: ప్లాస్టిక్ కుర్చీలు ఆరు, అందులో ఒకదానికి చేయి విరిగి ఉంది. నీళ్ల క్యాను ఒకటి, స్టీలు గ్లాసు ఒకటి. పశువుల కొట్టం నుంచి తెచ్చిన నైలాన్ తాడు. నా రెగ్జిన్ సంచి. సంచిలో టెస్టర్, స్క్రూడ్రైవర్లు మూడు, ఇన్సులేషన్ టేపు, పాత మల్టీమీటర్, ఎర్ర పిడి ఉన్న ఎనిమిది అంగుళాల కటింగ్ ప్లేయర్.

ఆ ప్లేయర్‌తో మా బాపు పళ్లు పీకారు.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. కరీంనగర్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చివరి సంవత్సరం చదువుతున్నాను. సెలవులకు ఊరికి వచ్చి, పొలాల దగ్గర మోటారు స్టార్టర్లు బాగుచేస్తూ ఉన్నాను. అందుకే సంచి ఎప్పుడూ భుజానే ఉండేది.

బాపు వ్యవసాయం చేసేవాడు. దానితో పాటు తేలు కుడితే మంత్రం వేసేవాడు. కుట్టిన చోట ఉల్లిగడ్డ రుద్దుతూ, తన తండ్రి నేర్పిన ఏడు మాటలు గొణిగేవాడు. వాటి అర్థం బాపుకే తెలియదు. డబ్బులు తీసుకునేవాడు కాదు. ఊళ్లో తేలు కుట్టని ఇల్లు లేదు కాబట్టి బాపు పోని ఇల్లూ లేదు.

మా వెనక వాడకట్టులో ఒకతను దుబాయి నుంచి తిరిగొచ్చాడు. వచ్చేసరికే మనిషి పీక్కుపోయి, పొట్ట ఉబ్బి, కళ్లు పచ్చబడి ఉన్నాడు. వచ్చిన వారానికి పెరట్లో అతన్ని తేలు కుట్టింది. బాపు వెళ్లి మంత్రం వేశాడు. తేలు నొప్పి దిగింది. నెల తిరిగేసరికి మనిషి పోయాడు. కరీంనగర్ డాక్టర్లు కాలేయం చెడిపోయిందని కాగితం మీద రాసే ఇచ్చారు. ఆ కాగితం నేను చదివాను. వాళ్లింట్లో ఎవరూ చదవలేదు, లేదా చదివినా అది వాళ్లకు పనికి రాలేదు. పెదవులు కదుపుతూ అతని పక్కన కూర్చున్న చివరి మనిషి మా బాపు. వాళ్లకు అది చాలింది.

మా వైపు దీనికి ఒక పద్ధతి ఉంది. చేతబడి చేశాడనుకున్నవాడిని చంపరు. ముందు పళ్లు పీకుతారు. పళ్లు లేకపోతే మాట సరిగా పలకదు, సరిగా పలకని మంత్రం పారదు. ఇందులో ఒక లెక్క ఉందని వాళ్లు నమ్ముతారు. దాన్ని దయ అని కూడా అనుకుంటారు.

బాపును కుర్చీలో కూర్చోబెట్టి చేతులు వెనక్కి కట్టారు. చనిపోయినవాడి అన్న నాకు వరుసకు అన్న. ఇద్దరం ఒకే బడిలో చదివాం. అతను ఇల్లంతా వెతికినట్టుంది, పనికొచ్చేది దొరకలేదు. నా దగ్గరికి వచ్చాడు.

"తమ్మీ, నీ సంచిల ప్లేయర్ ఉన్నదారా?"

"ఉన్నదన్నా."

"జర ఇయ్యి."

ఎందుకని నేను అడగలేదు. జిప్పు తీసి, ప్లేయర్ బయటికి తీసి, పిడి అతని వైపు ఉండేలా ఇచ్చాను. వర్క్‌షాపులో పనిముట్టు ఎవరికైనా అలాగే అందించాలని మాకు నేర్పారు.

ఒక పెద్దమనిషి తలూపాడు. "సూసిన్రా, సదువుకున్న పోరడు. పెద్దల మాట ఇంటడు. అయ్య లెక్క కాదు."

తర్వాతి పని పదిహేను నిమిషాలు పట్టింది. పైన ముందు పళ్లు నాలుగు, కింద రెండు. పైవాటిలో ఒకటి విరిగి, మొదలు లోపలే ఉండిపోయింది. దానికోసం మళ్లీ ప్రయత్నించారు, రాలేదు, వదిలేశారు. బాపు మొదటి రెండింటికి అరిచాడు. తర్వాత అరవలేదు. వాళ్ల మేనమామ గ్లాసుతో నీళ్లు అందించి పుక్కిలించమన్నాడు. బాపు పుక్కిలించాడు.

"ఇగ సదువు బావా నీ మంత్రం," అన్నాడు ఆ మేనమామ. "ఏదీ, ఒక్కపారి సదువు. తుస్సు తుస్సు తప్ప ఏమన్న ఎల్తదేమో సూద్దాం."

కొందరు నవ్వారు. తాడు విప్పారు. నా ప్లేయర్‌ను క్యాను నీళ్లతో కడిగి, తుడిచి, తిరిగి నా చేతికిచ్చారు. వాళ్లు అంత మర్యాదస్తులు.

మూడో రోజు స్టేషన్ నుంచి ఒకాయన వచ్చాడు. ఎవరో ఫోన్ చేశారట. అందరూ ఒకటే చెప్పారు. బండి మీది నుంచి పడ్డాడన్నారు. బాపు కూడా అదే చెప్పాడు. నన్ను అడిగితే నేనూ అదే చెప్పాను. ఆయన రాసుకుని, చాయ్ తాగి వెళ్లిపోయాడు.

విరిగిన పంటి మొదలుకు చీము పట్టింది. కరీంనగర్‌లో పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన లైటు వేసి చాలాసేపు చూశాడు.

"ఎట్ల పోయినయ్?"

"బైకు మీదికెల్లి పడ్డడు సార్."

"పెదిమె మీద గీత గూడ లేదు. గడ్డానికి దెబ్బ లేదు. ఆరు పండ్లు లెక్కవెట్టి తీసుకున్నది. గా బైకు మా కాలేజిల సదివిందా ఏంది?"

నర్సు నవ్వు ఆపుకుంది. బాపు గోడ వైపు చూస్తూ పడుకున్నాడు. నేను అదే మాట ఇంకోసారి చెప్పాను. రెండోసారి చెప్పడం తేలికైంది.

ఆ తర్వాత దాన్ని ఎక్కడెక్కడ చెప్పానో నాకు వరుసగా గుర్తుంది. హాస్టల్ గదిలో, ఉద్యోగం దొరికిన గ్రానైట్ ఫ్యాక్టరీలో, అద్దెకు తీసుకున్న గది ఓనరుకు, పెళ్లి సంబంధం తెచ్చిన ఒకాయనకు. చెప్పిన ప్రతిసారీ ఒక కొత్త వివరం కలిసేది. చివరికి బండి కంపెనీ, గుంత లోతు, వాన కూడా వచ్చి చేరాయి. మా ఊరి నంబరు నుంచి ఫోన్ వస్తే నాకు అరచేతులు తడిసేవి. బస్టాండులో మా ఊరివాళ్లు కనిపిస్తే స్తంభం వెనక్కి వెళ్లేవాణ్ని. నేను భయపడింది వాళ్లు బాపు గురించి చెబుతారని కాదు. ప్లేయర్ గురించి చెబుతారని.

పళ్లు పీకిన రెండు నెలలకే బాపు, అవ్వ ఊరు వదిలారు. ఆదిలాబాద్‌లో ఒక పత్తి జిన్నింగ్ మిల్లులో బాపుకు వాచ్‌మన్ పని దొరికింది. నోటికి అడ్డంగా తువ్వాల కట్టుకుని గేటు దగ్గర కూర్చునేవాడు. పత్తి దుమ్ముకు అక్కడ అందరూ తువ్వాలలే కట్టుకుంటారు కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు. ఆ మిల్లు దొరకడం అదృష్టమని అవ్వ అనేది.

మిల్లు వెనక రేకుల షెడ్డులో ఒక చిన్న చర్చి ఉంది. మిల్లులో చేరిన మూడేళ్లకు, అక్కడ పత్తి ఊడ్చే ఒకామె బాపును పిలిచింది. మొదటి ఆదివారం బాపు తువ్వాలతోనే వెనక వరసలో కూర్చున్నాడట. మూడో ఆదివారం పాట పాడుతూ తువ్వాల తీశాడట. ముందు పళ్లు లేని నోట్లోంచి పాట ఈలలా వచ్చింది. పిల్లలు పగలబడి నవ్వారు. పెద్దవాళ్లలో కూడా ఇద్దరు నవ్వారు. పాస్టరు పెద్దాయన, మహారాష్ట్ర సరిహద్దు మనిషి. పాట ఆపి అన్నాడట: "నవ్వుండ్రి, బరాబర్ నవ్వుండ్రి. నవ్వుడు అయినంక పాడుండ్రి. ఈయన ఆగడు." బాపు ఆగలేదు.

ఇదంతా అవ్వ ఫోన్‌లో సంతోషంగా చెబితే నాకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ దాచింది ఇప్పుడు నోరు తెరిచి ఊరందరికీ చూపిస్తున్నాడు అనిపించింది. రెండేళ్లు నేను ఆ షెడ్డు వైపు వెళ్లలేదు. వెళ్లింది కూడా దేవుడి కోసం కాదు. మైకు సెట్టు గుయ్యిమంటోందని, వాక్యం సగం వినబడడం లేదని బాపు అడిగాడు. చూస్తే ఎర్తింగ్ లేదు. వైరును కిటికీ ఊచకు చుట్టి వదిలేశారు. గుంత తవ్వి, బొగ్గు, ఉప్పు వేసి, పైపు దింపి, సరిచేశాను. ఒక పూట పని. పని పూర్తయ్యాక పరీక్షించడానికి కూర్చోవాలి కాబట్టి ఆరాధన చివరిదాకా కూర్చున్నాను.

ఆ రోజు బాపు ప్రార్థన చేశాడు. బాపు ప్రార్థన చేయడం నేను వినడం అదే మొదటిసారి. పదకొండు పేర్లు చదివాడు. పీకినవాడి పేరు, పట్టుకున్నవాళ్ల పేర్లు, నీళ్లిచ్చినవాడి పేరు. వాళ్ల పొలాలకు నీళ్లు ఇవ్వమని, వాళ్ల పిల్లలను కాపాడమని అడిగాడు. రేషను సరుకులు చెప్పినట్టు ఒకదాని తర్వాత ఒకటి చెప్పుకుంటూ పోయాడు. ఎవరిని చూస్తే నేను బస్టాండులో స్తంభం వెనక్కి వెళ్తానో, వాళ్ల పేరును బాపు పళ్లు లేని నోటితో, స్పష్టంగా పలకలేకపోయినా, భయం లేకుండా పలికాడు. నాకు అర్థం కాలేదు. అర్థం కాని దాన్ని వదిలేసే అలవాటు నాకు లేదు. మరుసటి ఆదివారం మళ్లీ కరీంనగర్ నుంచి బస్సెక్కాను.

రెండేళ్ల పాటు అలా వెళ్లాను. ఎప్పుడు నమ్మానో తేదీ చెప్పలేను. నమ్మింది ఏమిటో మాత్రం చెప్పగలను. నన్ను మొత్తంగా చూసినవాడు ఒకడున్నాడు, ప్లేయర్ పిడి ఎటు తిప్పి ఇచ్చానో అది కూడా చూశాడు, చూసీ నన్ను వెళ్లగొట్టలేదు. అతను యేసు. మోకాళ్ల మీద ఉన్నప్పుడు ఇది నాకు నిజం. లేచి నిలబడి, పక్కన బాపు కనిపించగానే అబద్ధం.

ఎందుకంటే ఒక ఆదివారం బాపు సాక్ష్యం చెప్పాడు. అన్నీ చెప్పాడు. చివర్లో నా వైపు చెయ్యి చూపించాడు.

"నేను దేవునికి ఒక్కదానికి మొక్కుత. గా ప్లేయర్ మా పిలగానిది. ఆన్ని మోసం జేసి తీసుకున్నరు. దేనికో ఆనికి ఎరుకలే. ఎరుకుంటే పాణమన్న ఇడుస్తుండె గని ఇయ్యకపోతుండె. గా ఒక్కటి తల్సుకుంటె నాకు గా దినం గూడ మంచిగనే అనిపిస్తది."

అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను.

గత చలికాలం బాప్తిస్మం తీసుకోవాలనుకున్నాను. ముందు నా పాపాలు కాగితం మీద రాశాను. ఇరవై మూడు వచ్చాయి. వరుస నంబర్లు వేసి, పాస్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన షెడ్డు బయట పాత కుర్చీకి మేకులు కొడుతూ, కళ్లద్దాలు పెట్టుకుని, మొత్తం చదివాడు.

"సిన్మాలు, సిగరెట్లు, ఒక పోరి మీద కన్ను. ఫ్యాక్టరీల ఎత్కవోయిన వైరు కట్టలు రెండు. అబ్బ, ఎంత సక్కటి పాపాలు పోరగా! గివి దాసుకునెటందుకు ఏడేండ్లు స్తంభాల ఎన్క నక్కినవా?"

బస్టాండు స్తంభాల సంగతి ఆయనకు నేనే ఎప్పుడో చెప్పాను. ఆయన కాగితం మడిచి నా జేబులో పెట్టాడు.

"ఇరవై నాలుగోది ఏంది?"

చెప్పాను. మేకులు నోట్లో పెట్టుకుని విన్నాడు. విన్నాక ఒక్కొక్కటీ తీసి కుర్చీ మీద పెట్టాడు.

"దేవుడు మాఫ్ జేసిండా అని నువ్వు అడిగితె, జేసిండనే అంట నేను. మీ బాపుకు చెప్పాల్నా అంటె, జర ఆలోచన జెయ్యి. చెప్తె నీకు మంచిగైతది. ఆయనకు గాదు. ఆ ముసలాయన దగ్గర ఉన్నదే గది ఒక్కటి. రెండూ తెల్సుకొని చెప్పు. నా పాణం అల్కగైతె సాలు అని చెప్పకు."

"చెప్పకుంటె?"

"చెప్పకుంటె గిట్లనే బతుకుతవ్. శానమంది బతుకుతున్నరు."

మూడు వారాలు ఆలోచించాను. ఒక వైపు బాపుకు మిగిలిన ఒకే ఒక సంతోషం. రెండో వైపు, బాపు ప్రేమిస్తున్నది నన్ను కాదు, ఆ రోజు అక్కడ లేని ఒక అబ్బాయిని అన్న నిజం. అబద్ధం మీద నిలబడి బాప్తిస్మం తీసుకుంటే బట్టలు తడుస్తాయి, అంతే. ఇది నా కోసమేనా, ఇద్దరి కోసమా అని నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా లెక్క తేలలేదు. తేలకుండానే లేచాను.

ఆదివారం సాక్ష్యాల వేళ ముందుకెళ్లి మైకు పట్టుకున్నాను. నలభై మంది దాకా ఉన్నారు. బాపు రెండో వరసలో అంచున కూర్చున్నాడు. అవ్వ ఆడవాళ్ల వైపు ఉంది.

"గా దినం ప్లేయర్ ఇచ్చింది నేను," అన్నాను. "మోసం జేసి తీసుకోలే. బాపును కుర్సీకి కట్టినంకనే నన్ను అడిగిన్రు. దేనికో నాకు ఎరుకే. తెల్సే ఇచ్చిన. ఇయ్యకుంటె అయ్య కొడుక్కు గూడ నేర్పిండంటరని, నా పండ్లు గూడ పీకుతరని భయపడ్డ."

మైకు గుయ్యిమనలేదు. బాపు లేచి నిలబడ్డాడు. గుమిగూడినవాళ్ల ముందు తండ్రి కొడుకును అడిగే ప్రశ్న ఏమై ఉంటుందో నేను ముందే ఊహించుకుని వచ్చాను. ఎందుకు చెప్పలేదని, ఎందుకు పరుగెత్తలేదని అడుగుతాడనుకున్నాను. బాపు అది అడగలేదు.

"భయం సరే," అన్నాడు. "భయం అందరికుంటది. గా దుబాయి పిలగాన్ని నేనే సంపిన్నని నువ్వు గూడ అనుకున్నవా?"

కాదు అనొచ్చు. అంటే బాపు కూర్చునేవాడు. డాక్టరు కాగితం చదివినవాణ్ని, కాలేయమంటే ఏమిటో తెలిసినవాణ్ని, ఓమ్ నియమం పరీక్షలో రాసి వచ్చినవాణ్ని. ఆ మధ్యాహ్నం బాపు పెదవులు చూస్తూ నా కడుపులో ఏముందో నాకొక్కడికే తెలుసు. ఇప్పుడు కాదంటే ఇరవై అయిదోది మొదలవుతుంది.

"సగం అనుకున్న బాపూ," అన్నాను.

బాపు నన్ను కాసేపు చూశాడు. ఆ పదకొండు మందిలో ఎవరినీ అలా చూసి ఉండడు. వాళ్ల దగ్గర ఆయనకు ఆశ లేదు. చెప్పులు వేసుకుని, మిల్లు గేటు వైపు నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

పాస్టరుగారు పాట ఎత్తుకున్నాడు. అవ్వ నా పక్కకు వచ్చి, పాట మధ్యలో, చెవి దగ్గర అంది: "ఏడేండ్లు కడుపుల పెట్టుకున్నోనివి, ఆయన పాణం పోయేదాక పెట్టుకుంటె నీ సొమ్మేం పోయేదిరా?"

మైకు పక్కన పెట్టి, పాట అయ్యేదాకా అవ్వ పక్కనే నిలబడ్డాను.

మరుసటి వారం వాగులో బాప్తిస్మం తీసుకున్నాను. అవ్వ పొడి బట్టలు పట్టుకుని ఒడ్డున నిలబడింది, ఏడవలేదు, నవ్వలేదు. బాపు రాలేదు.

నాకు కలిగిన మేలు ఉన్నదున్నట్టు రాస్తాను, ఎక్కువ చేయను. బస్టాండులో స్తంభం వెనక్కి వెళ్లడం ఆగింది. బాపు పళ్లు ఎలా పోయాయని ఫ్యాక్టరీలో ఎవరైనా అడిగితే, ఎలా పోయాయో చెబుతున్నాను. విన్న ఒకతను నాతో కలిసి అన్నం తినడం మానేశాడు. పెళ్లి సంబంధం వాళ్లు మళ్లీ ఫోన్ చేయలేదు. మాట ఊరికి చేరింది. నెల క్రితం, ప్లేయర్ అడిగిన ఆ వరుస అన్న ఫోన్ చేశాడు.

"ఏందిరా, మా పేర్లు చెప్పుకుంట తిరుగుతున్నవట. నీ పండ్లు గట్టిగనే ఉన్నయా?"

"ఉన్నయన్నా. నా పేరు గూడ చెప్తున్న. ముందుగాల నా పేరే చెప్తున్న."

అతను ఒక బూతు మాట అని పెట్టేశాడు. ఫోన్ జేబులో పెట్టుకుంటూ చేతులు చూసుకున్నాను. పొడిగా ఉన్నాయి. ఆ సాయంత్రం చాలా ఏళ్ల తర్వాత నా అంతట నేను పాడాను, ప్యానెల్ బోర్డు బిగిస్తూ, బయటికి వినబడేలా. భయం పోయింది. సిగ్గు పోయింది. ఇవి రెండూ పోయాయని చెప్పడానికి నేను ఎవరి ముందైనా నిలబడతాను. వాటిని తీసేసినవాడు యేసు అని కూడా చెబుతాను. దాని వెల నేను ఒక్కణ్నే కట్టలేదు. అది కూడా చెబుతాను.

ప్రతి ఆదివారం వెళ్తూనే ఉన్నాను. బాపు వస్తాడు. రెండో వరసలో అంచునే కూర్చుంటాడు. పాడతాడు. తన ప్రార్థనలో ఇప్పటికీ పేర్లు చదువుతాడు, అవే పేర్లు, అదే వరుసలో. నా పేరు వాటిలో కలుస్తుందేమోనని వింటాను. కలవలేదు, విడిగానూ రాలేదు. ఆరాధన అయ్యాక గేటు దగ్గర కుర్చీలో కూర్చుంటాడు. నేను వెళ్లి పక్కన నిలబడతాను. లారీలు లోపలికి వస్తుంటే నంబర్లు రాసుకుంటాడు. బస్సు వేళకు వెళ్లొస్తానని చెబుతాను, ఆయన ఇంకో లారీ నంబరు రాసుకుంటాడు.

బాపు నాతో మాట్లాడక ఈ ఆదివారానికి పద్నాలుగు వారాలు.